పేరు మీద చెయ్యి

5 నవంబర్ 2025, జనగామ

ఏటా నవంబర్‌ల పింఛను తినేటోళ్లు తాము బతికే ఉన్నమని సర్కారుకు రుజువు చూపాలె. ఈసారి ఫోన్ల మొఖం చూపిస్తే చాలన్నరు. మనుమరాలు దీక్షిత ఫోను పట్టింది. మూడుసార్లు చూసి, గుర్తుపట్టలేనన్నది ఆ యంత్రం. కోడలు సంధ్య పక్క నుంచి, ‘జర నవ్వుండ్రి అత్తమ్మా’ అన్నది. నవ్విన. అప్పుడు అసలు మనిషే లేదన్నది.

ముప్పై మూడేండ్లు పిల్లలు నా మొఖం చూసి వచ్చిన పాఠం మరిచిపోయేటోళ్లు. యంత్రం ఎంత!

ఐదోసారికి బతికున్నట్టు తేలింది. సంధ్య కొంచెం నిరాశపడ్డట్టు అనిపించింది. నా చూపు మసకైంది కాబట్టి ఖాయంగ చెప్పలేను.

11 నవంబర్

సోమ్లీ వచ్చింది. అది కూడ ఏటా ఈ నెలల్నే వస్తది, మానుకోటల పొద్దటి బండెక్కి. భుజానికి సంచి, సంచిల పచ్చి కందికాయలు, కందికాయల కింద ప్లాస్టిక్ కవర్ల ఏడాది కాగితాలు. కురవి దగ్గర నేను బడి నడిపినప్పుడు దాని తండా పక్కనే. అప్పటి నుంచి దాని కాగితాలన్నీ నేనే చదువుతున్న. కొడుకు కిషన్ సిపాయి. తొంభై తొమ్మిదిల కొండల మీద లడాయిల పోయిండు. వాని మీద వచ్చే పింఛను దానిది.

‘ఏం టీచరమ్మా, నన్ను సచ్చిందన్నరా?’

‘ఇంకా అనలే. వేలు పెట్టు.’

యంత్రాలకు దాని వేలు పట్టది. మిరపతోటల్ల అరిగి అరిగి గీతలే లేవు. కాగితం మీద సిరాముద్రే గతి.

కవర్ల ఒక కొత్త ఉత్తరం ఉండె. ఇంగ్లీషుల. చదివిన.

‘గదేంది?’

‘ఎప్పటిదే. బతికున్నవా అని అడిగిన్రు.’

‘గింత పొడుగు అడిగిన్రా?’

‘ఇంగ్లీషుల అడిగితే అంతే పొడుగుంటది.’

నవ్వింది. ముందటి పండ్లు రెండు లేవిప్పుడు.

ఒకటికి రెండు వేలిముద్రలు వేయించుకున్న. ఒకటి సర్టిఫికెట్ మీద, ఒకటి తెల్లకాగితం కింద. ఎందుకైనా మంచిది.

కందికాయలు ఉడకబెట్టుకొని తిన్నం. ఒక్క పుచ్చు లేదు.

12 నవంబర్

ఆ ఉత్తరంల ఏమున్నదో ఇక్కడన్న రాసి పెట్టాలె.

దిల్లీల యుద్ధ స్మారకం ఉన్నది. లడాయిలల్ల పోయిన సిపాయిల పేర్లు రాతిగోడల మీద చెక్కిన్రు. బానోతు కిషన్ పేరు కూడ ఉన్నదట. డిసెంబర్ 14 సాయంత్రం వాని పేరు చదివి, కుటుంబం చేత పూలు పెట్టిస్తరట. తల్లి రావాలె, తోడు ఒకరు రావచ్చు, రైలు, బస వాళ్లదే. తల్లి రాలేకపోతే, ఆమె వేలిముద్ర ఉన్న సమ్మతిపత్రం తెచ్చిన మనిషి రావచ్చు.

సోమ్లీ దిల్లీ ఎట్ల పోతది? మోకాళ్లు పోయినయి. అక్కడ చలి. బస్సుల మానుకోటకు పోతేనే కక్కుకుంటది. రెండు రోజుల రైలంటే మనిషి దక్కదు. నేను ఆలోచించేది దాని మంచికే.

15 నవంబర్

దీక్షిత దిల్లీ పోతున్నది. ఏదో ఫోటోల పోటీ. దేశ రాజధానిల ఉన్న కట్టడాలు, స్మారకాలు తీసి పంపాలెనట. ఇంజనీరింగు చదివింది. ఉద్యోగం రాలే. అందుకని కళాకారిణి అయింది. దాని నాయిన శ్రావణ్ భూపాలపల్లి బొగ్గుగనుల ఆఫీసుల గుమస్తా. మూడు నెలల జీతం పెట్టి దానికి కెమెరా కొన్నడు. వాని జీవితంల వాడు చేసిన ఒకే ఒక దుస్సాహసం అది.

‘నువ్వు కూడ రా బాపమ్మా’ అన్నది.

‘నేనెందుకు?’

‘పెద్ద పెద్ద కట్టడాల ముందట మనిషి లేకపోతే కొలత తెలువది. ముసలి మనిషైతే ఫోటోకు బరువు వస్తది.’

‘అంటే కుతుబ్ మినార్ పక్కన నన్ను స్కేలు లెక్క నిలబెడ్తవు.’

‘స్కేలే, కాని ఫీలింగున్న స్కేలు.’

పోత. పద్నాలుగు నాడు యుద్ధ స్మారకం దగ్గర నాకు పనున్నదని చెప్పిన. సోమ్లీ తనకు చాతకాదన్నది, నన్ను పొమ్మన్నది అని చెప్పిన.

సమ్మతిపత్రం రాసిన. నా దస్తూరి ఇంకా ముత్యాల లెక్కనే ఉన్నది.

19 నవంబర్

సంధ్య అడిగింది: ‘సోమ్లీ నోటితోని రానన్నదా అత్తమ్మా?’ బాంకు నౌకరి దానిది. బాంకుల కూసునేటోళ్లకు ప్రతి కాగితం వెనక ఇంకో కాగితం కనపడ్తది. అదొక రోగం.

23 నవంబర్

కిషన్ యాదికొచ్చిండు. పొద్దటి నుంచి వాడే.

ఎనభై ఆరు. తండా పిల్లలు బడికి రాని రోజులు. వాడు బర్రెను కిటికీ దగ్గర కట్టేసి బయట నిలబడేటోడు. లోపల నేను ‘పదమూడు ఎనిమిదులెంత?’ అంటే పటేళ్ల పిల్లలు సీలింగు చూసిన్రు. బయట నుంచి వచ్చింది జవాబు: ‘నూట నాలుగు.’

సోమ్లీని పిలిపించిన. పేరేందంటే వాల్యా అన్నది. హాజరు పిలిచినప్పుడు పిల్లలు నవ్వుతరని కిషన్ అని రాసిన. అప్పుడు అందరు టీచర్లు అదే చేసేటోళ్లు. తండా పిల్లలకు ఒక బడి పేరు, జూన్ నెలల ఒక పుట్టినరోజు. వాళ్లు అడగరు, మనం చెప్పం.

‘ఎప్పుడు పుట్టిండు?’

‘సూర్యగ్రహణం పట్టి పగలే చీకటైంది సూడు, అప్పుడు నెల పిలగాడు.’

అంటే ఎనభై. ఆరేండ్లు. ఒకటో తరగతి. నూట నాలుగు చెప్పినోణ్ని తీస్కపోయి ‘అ ఆ’ల దగ్గర కూసోబెట్టాల్నా? మూడో తరగతికి ఎనిమిదేండ్లు కావాలె. 10-06-1978 అని రాసిన. చురుకైన పిలగానికి నేను ఇచ్చిన ఇనాం, రెండేండ్లు.

శ్రావణ్ అప్పుడు మూడో తరగతే. పదమూడో ఎక్కం వానికి ఇప్పటికీ రాదు.

11 డిసెంబర్, రైల్ల

కాజీపేటల ఎక్కినం. ఎదురు సీట్ల ఒకాయన, దిల్లీకి ఎందుకమ్మా అని అడిగిండు. మా పిలగాని పేరు గోడ మీద ఉన్నది, చూడబోతున్న అన్న. లేచి నాకు కింది బెర్త్ ఇచ్చిండు.

మా పిలగాడంటే తప్పేమున్నది? బడిల అందరు మా పిల్లలే.

12 డిసెంబర్, దిల్లీ

పొగ. మంచా, పొగా అని దీక్షితను అడిగిన. ‘మూడ్’ అన్నది.

ఇండియా గేట్ ముందట రెండు గంటలు నిలబెట్టింది. దాని మీద తెల్లోని లడాయిల సచ్చిన మనోళ్ల పేర్లు వేలకు వేలు. మెడ నొచ్చేటట్టు చూస్తే నాలుగు చదివిన. కిందున్నోళ్లంత గేటుకు వీపు చూపెట్టి తమ మొఖాలే తీసుకుంటున్నరు. రాతి మీద పేరు రాస్తే చిరకాలముంటది అంటరు. ఉంటది. చదివేటోడే ఉండడు.

దీక్షిత నన్ను చూసి పెదవి విరిచింది. ‘నువ్వు మస్తు తెలివైనదాని లెక్క కనపడ్తున్నవు బాపమ్మా. ఫోటోకు పనికిరావు.’

డెబ్బై ఐదేండ్లల నాకు వచ్చిన ఒకే ఒక నిజమైన మెచ్చుకోలు.

కిషన్ పెట్టె వచ్చిన నాడు తండాల జనం ఇట్లనే ఉండె. జెండా కప్పిన పెట్టె. తెరవద్దన్నరు. సోమ్లీ, ‘ఒక్కసారి మొఖం’ అన్నది. వాళ్లు తలకాయ అడ్డం ఊపిన్రు. అది పెట్టె మీద అరచెయ్యి పెట్టి ఎంతసేపో ఉన్నది. తర్వాత నా దిక్కు తిరిగి, ‘సల్లగున్నడు టీచరమ్మా’ అన్నది. పెట్టెల మంచుగడ్డలుంటయి, అందుకని సల్లగుంటది అని నేను దానికి వివరించిన. ఏది అడిగినా వివరించుడు నాకు అలవాటు.

13 డిసెంబర్

కుతుబ్ మినార్. స్కేలు పని చేసిన.

14 డిసెంబర్

మధ్యాహ్నం మూడింటికే పోయినం. గుండ్రంగ గోడలు, గోడల నిండ రాళ్లు, రాయికొక పేరు. తెరల మీద పేరు కొడితే ఏ గోడనో చూపిస్తది. బానోతు కిషన్ దొరికిండు. నా గుండె ఎత్తుకే చెక్కిన్రు. బంగారు రంగు అక్షరాలు.

వాడు టెన్తుల మండలం ఫస్టు వచ్చినప్పుడు బోర్డు మీద రాసింది నేనే, ఇదే పేరు, సుద్దముక్కతోని.

దీక్షిత వెనక నుంచి, ‘బాపమ్మా, చెయ్యి పెట్టు. పేరు మీద’ అన్నది.

పెట్టిన.

‘ఉంగరం తియ్యి. మెరుస్తున్నది.’

తీసిన. వేలికి ఉంగరం అచ్చు పడి ఉన్నది. గాజులు మోచేతి దిక్కు తొయ్యమన్నది. తోసిన. నా పట్టు అంచు శాలువ తీసేసి, హోటలు దుప్పటిసొంటి దాని ముతక శాలువ కప్పింది.

‘ఇదేందే, బిచ్చగత్తె లెక్క?’

‘ఊరోళ్ల లెక్క ఉండాలె. చెయ్యి జర ఎడమకు. ఇంకా. ఇంటిపేరు కప్పేసినా పర్వాలే, కిషన్ కనపడాలె. కండ్లు కిందికి. బాపమ్మా, లైటు బాగుంది, కదలకు.’

పదకొండుసార్లు పెట్టించింది. పదకొండోసారి, ‘ఇగో, ఇది. లైటు సూపర్’ అన్నది. నా చెయ్యి కింద బానోతు పోయి, నేను పెట్టిన పేరే మిగిలింది ఫోటోల.

సాయంత్రం అధికారి వచ్చిండు. శుభ్రమైన మనిషి. ఉత్తరం చూపిన, సమ్మతిపత్రం ఇచ్చిన. తల్లి రాలేని స్థితిల ఉన్నదా అని హిందీల అడిగిండు. అవునన్న. ‘మీరు?’ అన్నడు.

‘పేరు పెట్టింది నేనే’ అన్న.

అందుల ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆయన నాకు వంగి నమస్కారం పెట్టిండు.

బ్యాండు వాయించిన్రు. మైకుల కిషన్ గురించి చదివిన్రు. ఊరు, తండా పేరు తప్పుగ పలికిన్రు కాని పలికిన్రు. ‘ఇరవై ఒక్క ఏండ్ల వయసుల’ అని చదివిన్రు.

పూలు పెట్టిన. చుట్టున్నోళ్లు కండ్లు తుడుచుకున్నరు. నాకు కూడ నీళ్లొచ్చినయి. దీక్షిత అది కూడ తీసింది.

17 డిసెంబర్, జనగామ

ఇల్లు చేరినం. సంధ్య ఇల్లు ఊడ్చిన దాఖలా లేదు.

సోమ్లీకి చెప్పాలె. వచ్చే నవంబర్‌కు వస్తది కదా, తీరిగ్గ చెప్త. ఫోటో ఒకటి పటం కట్టించి ఇస్త. ఇంట్ల కూసోబెట్టి కొడుకు పేరు చూపెట్టినట్టయితది. రైలు లేదు, కక్కుడు లేదు.

24 డిసెంబర్

చలి.

9 జనవరి 2026

దీక్షిత ఫోటోకు మొదటి బహుమతి. పదకొండోది. పేపర్ల కూడ వేసిన్రు. కింద రాసిన మాట: ‘అమ్మ. అమరుడైన కొడుకు పేరు తడుముతున్న తల్లి, దిల్లీ.’

‘ఇట్ల రాసిచ్చినవేందే?’

‘నేను ఉత్త "అమ్మ" అనే పెట్టిన బాపమ్మా. మిగతాది వాళ్లు కలిపిన్రు.’

‘దిద్దమని చెప్పు.’

‘చెప్త’ అన్నది. చెప్పదు. నేను కూడ రెండోసారి అనలే. ముప్పై మూడేండ్లు ఎర్రసిరాతోని అందరి తప్పులు దిద్దినదాన్ని. ఒకటి వదిలేస్తే భూమి బద్దలు కాదు.

ఫోటోల నేను బాగున్న. తెలివి ఎక్కడా కనపడలే.

10 జనవరి

శ్రావణ్ భూపాలపల్లి నుంచి ఫోన్ చేసిండు. ‘అమ్మా, మా ఆఫీసుల అందరు నాకు సానుభూతి చెప్తున్నరు. తమ్ముడు పోయిండా అంటున్నరు. ఏమనాలె?’

‘థాంక్స్ అను.’

తర్వాత, ‘నా పేరు మీద ఎప్పుడన్న చెయ్యి పెట్టినవానే?’ అన్నడు. జోకనుకున్న. వానికి జోకులు రావు.

17 జనవరి

కురవి దగ్గరి నా పాత బడి హెడ్మాస్టర్ రాజమౌళి ఫోను. నా దగ్గరే చదివిండు. నాలుగో తరగతి రెండేండ్లు చదివిండు. జనవరి ఇరవై ఆరు జెండా పండుగ నాడు నాకు సన్మానం చేస్తరట.

‘నేను తల్లిని కాదని మీకందరికి తెలుసు కద రాజమౌళీ.’

‘తెలుసు మేడం! అదే కదా గొప్ప. కన్నతల్లి ఒక్కసారే కంటది. గురువు రోజూ కంటది. ఫ్లెక్సీ మీద అదే కొట్టించిన.’

కాదనలే.

21 జనవరి

ఫోన్. ‘మేడం, నేను గీతను. సోమ్లీ బిడ్డ బిడ్డను. మానుకోటల నర్సింగు చదువుతున్న.’

ముక్కుసూటి గొంతు. ఫోన్ల ఫోటో చూసిందట. అవ్వ సంచి దులిపితే ఉత్తరం దొరకలే, కాని కవరు దొరికిందట. కవరు మీద నంబరుంటే దిల్లీకి చేసిందట.

‘ఆ జవాను కుటుంబం డిసెంబర్‌లనే వచ్చిపోయిందన్నరు మేడం. తల్లి వేలిముద్రతోని పత్రమున్నదన్నరు. వేల మంది ఉన్నరు కాబట్టి ఇగ ఈ పేరు వంతు మల్ల ఎప్పుడొస్తదో చెప్పలేమన్నరు.’

నేను, ‘ఆమె ఆరోగ్యం’ అన్న.

‘మా నానీ పొద్దున మిరపతోటకు మూడు కిలోమీటర్లు నడిచి పోతది మేడం.’

‘చలి’ అన్న.

‘ఆమెను అడిగిన్రా?’

నన్ను ఇట్ల నిలదీసి ప్రశ్నలడిగిన పిల్ల ఇంతదాక లేదు. చదువు ఎక్కువైతే ఇట్లనే ఉంటది. ఈ మాట మా నాయిన నన్ను అనేటోడు.

‘నానీకి నేనింకా చెప్పలే’ అన్నది. ‘మీరు చెప్పాలె. ఇరవై ఆరు నాడు బడికి వస్తున్నరట కద. ఆనాటి దాక చూస్త.’

22 జనవరి

సోమ్లీ, నీ మోకాళ్ల సంగతి తెలిసి నేనే

23 జనవరి

సోమ్లీ, నీ తరఫున పోయిన. నువ్వు పోయినా నేను పోయినా

24 జనవరి

ఇది నా డైరీ. దీన్ని ఎవరు దిద్దరు. మార్కులెయ్యరు. మరి ఇక్కడ కూడ అబద్ధం రాసుడెందుకు?

తొంభై ఆరు. ఇంటరు పాసయిండు. వరంగల్ల సిపాయిల భర్తీ. కాగితం మీద పద్దెనిమిది, ఒంటి మీద పదహారు. సోమ్లీ ఉరికొచ్చింది. వాకిట్ల నిలబడి, ‘టీచరమ్మా, వానికింక మీసం రాలే. నువ్వు రాసిన పుట్టిన ఏడు తప్పని ఒక్క కాగితం రాసియ్యి, వాపసు తోల్తరు. రెండేండ్లాగి పోతడు’ అన్నది.

ఒక్క కాగితం. అడ్మిషన్ రిజిస్టర్ల పొరపాటున తప్పు తేదీ పడ్డది అని. నా సంతకం, బడి ముద్ర. పావుగంట పని.

‘రిజిస్టర్ల రాసింది రాసినట్టే సోమ్లీ. దిద్దితే నా నౌకరి పోతది’ అన్న.

నౌకరి పోయేది కాదు. ఒక మెమో వచ్చేది. తప్పు చేసినట్టు రాతల ఉండేది, అంతే. హెడ్మిస్ట్రెస్ శకుంతల తప్పు రాసిందని.

రెండేండ్లాగి పోతే తొంభై ఎనిమిదిల పోయేటోడు. కొత్త సిపాయి. ఏడాది ట్రైనింగు. ఆ కొండల మీద ఉండేటోడు కాదు.

దిల్లీల మైకుల ‘ఇరవై ఒక్క ఏండ్ల’ అని చదువుతరని నాకు తెలుసు. అక్కడ సోమ్లీ ఉంటే నోరు మూసుకోదు. కాదు, పందొమ్మిది అంటది. ఎట్ల అని అడుగుతరు. చెప్తది.

అందుకే. మోకాళ్లు కాదు.

ఇరవై ఆరు నాడు చెప్త.

26 జనవరి, రాత్రి

జరిగింది జరిగినట్టు రాస్త.

బడి ముందట షామియానా. ఫ్లెక్సీ మీద నా చెయ్యి, బస్సు చక్రమంత. పక్కన రాజమౌళి మొఖం అంతకన్న పెద్దగ. తండా ఆడోళ్లు పట్టాల మీద కూసున్నరు. వాళ్లల్ల సోమ్లీ. పక్కన గీత, నా దిక్కే చూస్తున్నది.

మైకు ఇచ్చిన్రు. చెప్పుదామనే లేచిన. మొదటి మాట ‘సోమ్లీ’ అనే అనుకున్న. నోట్లకెల్లి ‘ప్రియమైన విద్యార్థులారా’ అని వచ్చింది. ఇగ ఆగలే. దేశం, త్యాగం, చదువు. పద్దెనిమిది నిమిషాలు. ఒక్క చోట తడబడలే. పిల్లలు చప్పట్లు కొట్టిన్రు. గీత కొట్టలే.

అప్పుడు రాజమౌళికి బుద్ధి పుట్టింది. నాలుగో తరగతిల పుట్టాల్సింది ఇప్పుడు పుట్టింది. ‘మన వీరజవాను కన్నతల్లి కూడ ఇక్కడే ఉన్నది! ఆ తల్లి చేతుల మీదుగా గురువుకు శాలువ!’ అన్నడు.

సోమ్లీ లేచింది. మోకాళ్ల మీద చేతులు పెట్టకుండ లేచింది. మెట్లెక్కింది. వాళ్లు చేతుల పెట్టిన శాలువ నాకు కప్పి, భుజం దగ్గర సరిచేసింది కూడ. మైకు నా ముందటనే ఉండె.

‘అక్కడ వానికి ఎన్నేండ్లని సదివిన్రు టీచరమ్మా?’

అప్పుడర్థమైంది. గీత చెప్పకముందే దానికి అంత తెలుసు. తండాల పది మంది చేతుల్ల ఫోన్లున్నయి.

‘ఇరవై ఒకటి’ అన్న.

‘నువ్వేమన్నవు?’

‘ఏమనలే.’

తల ఊపింది. నేను ఏమననని దానికి ముందే తెలుసన్నట్టు. తర్వాత నా కుడిచెయ్యి పట్టుకున్నది. దాని అరచెయ్యి గరుకు, రాయి లెక్క.

‘ఒక్కటి చెప్పు. నాడు పెట్టె మీద చెయ్యి పెడితే సల్లగుండె. గా రాయెట్లుండె? సల్లగనా, ఉడుకుగనా?’



‘ఉడుకుగుండె సోమ్లీ’ అన్న. ‘పొద్దంత ఎండ పడ్డది కదా.’

నా చెయ్యి ఎత్తి తన చెంపకు ఆనించుకున్నది. కండ్లు మూసుకున్నది. అట్ల ఎంతసేపున్నదో నేను లెక్కపెట్టలే. జనం చప్పట్లు కొట్టిన్రు. రాజమౌళి ఫోన్ల ఫోటో తీసిండు. ‘మేడం, ఇటు చూడుండ్రి’ అన్నడు కూడ. చూసిన.

సోమ్లీ కండ్లు తెరిచి చెయ్యి వదిలేసింది. కొంగుతోని చెంప తుడుచుకున్నది, ఏదో అంటినట్టు.

‘కోడిపుంజుకు కూడ తెలుసు టీచరమ్మా, దిల్లీల డిసెంబర్‌ల ఎండ ఉండదని. మొన్న పేపరోళ్లు పొగ, పొగ అని మొత్తుకున్నరు. గీత సదివింది.’ గొంతు పెంచలే. ‘ఇగ నవంబర్‌ల రాను. నా కాగితాలు గీత సదువుతది. నువ్వు బతికున్నట్టు నువ్వే రాసుకో.’

దిగి పోయింది. పట్టా మీద కూసోలే. గేటు దాటి తండా దిక్కు నడిచింది. వెనక గీత. మూడు కిలోమీటర్లు నడిచేటోళ్ల నడకనే అది. పటం కట్టించిన ఫోటో నా సంచిలనే ఉండిపోయింది.

పిల్లలకు బూందీ లడ్డూలు పంచిన్రు. నాకు రెండిచ్చిన్రు.

27 జనవరి

సంధ్య ఏమడగలే. పొద్దున చాయ్ తెచ్చి నా ముందట పెట్టి పోయింది. ఈ కోడలు ఊకుంటే నాకు భయమైతది.

29 జనవరి

దీక్షిత ఆ పదకొండు ఫోటోలు చూపించింది, పెద్దవి చేసి. మొదటి దాంట్ల ఉంగరముంది. నాలుగోదాంట్ల గాజు. ఏడోదాంట్ల నేను కెమెరా దిక్కు ఓరకంట చూస్తున్న, బాగొస్తున్నదా అని. ఒక్కొక్కటి యాదికొచ్చింది. శాలువ ముతక, మెడ మీద దురద, వేలి మీద ఉంగరం అచ్చు, అన్నీ.

పదకొండుసార్లు పెట్టిన కదా. మూడు రోజుల నుంచి కండ్లు మూసుకొని ఈ అరచెయ్యిని అడుగుతున్న. రాయి సల్లగుండెనా, ఉడుకుగుండెనా. గరుకుగుండెనా, నునుపుగుండెనా. అక్షరాలు వేళ్లకు తగిలినయా.

ఏమీ లేదు.

లైటు బాగుండె. అదొక్కటే యాదికున్నది.